కుందేలు పిల్లలు వారం తిరగకుండానే చనిపోతున్నాయి, తల్లులను మార్చాలా?

ప్రశ్న: పది ఆడ, రెండు మగ న్యూజిలాండ్ వైట్ కుందేళ్లను ఇనుప జాలీ బోనుల్లో పెంచుతున్నాం. ఈతకు ఏడెనిమిది పిల్లలు పుట్టినా వారానికి మూడు నాలుగే మిగులుతున్నాయి. రెండు తల్లులైతే పిల్లలను తినేశాయి. మిగతావి పగలంతా పిల్లల వైపే వెళ్లవు. ఈనిన మూడో రోజునే మళ్లీ మగదానితో దాటిస్తున్నాం, వేసవి తర్వాత అదీ నిలవడం లేదు. ఈ తల్లులను అమ్మేసి కొత్తవి తెచ్చుకోమంటారా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఇప్పుడే అమ్మకండి. ఈనే పెట్టె, నీళ్లు, దాటించే తేదీ సరిచేయకుండా కొత్తవి తెచ్చినా వాటి పిల్లలూ ఇలాగే పోతాయి.

ముందుగా ఒక అపోహ. తల్లి పగలంతా పిల్లల దగ్గర లేకపోవడం జబ్బు కాదు, కుందేలు నైజమే అంత. రోజుకు సాధారణంగా ఒక్కసారే, ఎక్కువగా తెల్లవారుజామున, మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిచ్చి బయటికొచ్చేస్తుంది. పాలు తాగాయో లేదో ఉదయాన్నే పిల్లల పొట్టలు చూస్తే తెలుస్తుంది. పొట్ట ఉబ్బెత్తుగా ఉండి పలచని చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తే తాగినట్టే. చర్మం ముడతలు పడితే ఆకలితో ఉన్నట్టు. అప్పుడు తల్లిని పెట్టెలో పెట్టి, బెదరకుండా చేత్తో ఆనించి పిల్లలను రొమ్ములకు అందించండి. తల్లికి ఎనిమిది నుంచి పది రొమ్ములే ఉంటాయి. పిల్లలు అంతకు మించితే రెండు మూడు రోజుల తేడాలో ఈనిన మరో తల్లికి మార్చండి. మార్చే పిల్లలకు ఆ గూటిలోని బొచ్చు రుద్ది, తల్లి లేనప్పుడు లోపల పెడితే తేడా పసిగట్టదు. ఈ వెసులుబాటు కోసం ఇద్దరు ముగ్గురు తల్లులను ఒకే రోజు దాటించడం మంచిది.

పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. గూట్లో 30 డిగ్రీలకు పైగా వెచ్చదనం లేకపోతే ఒళ్లు చల్లబడి పాలు తాగే శక్తి కూడా ఉండదు. రొమ్ము వదలకుండా తల్లితోపాటు బయటికొచ్చి జాలీ మీద పడిన పిల్ల తిరిగి లోపలికి పోలేదు. తల్లి కూడా పిల్లిలా నోట కరచుకుని తీసుకెళ్లదు. పొద్దున చచ్చి కనిపించే పిల్లల్లో చాలావరకు ఇలా పోయేవే. అందుకే 50 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తుతో చెక్క పెట్టె చేయించండి. తల్లి దిగే వైపు 15 సెంటీమీటర్ల గడప ఉంచి, అడుగున మూత్రం కారిపోయేలా చిన్న రంధ్రాలు పెట్టించండి. రేకు డబ్బాలు ఎండకు కాలిపోతాయి, చలికి చెమ్మగిల్లుతాయి. దాటించిన 27 లేదా 28వ రోజున ఎండు గడ్డి, పొట్టిగా కత్తిరించిన కొబ్బరి పీచు పరిచి పెట్టెను బోనులో ఉంచండి. మరీ ముందుగా పెడితే దాన్ని పెంటదొడ్డి చేస్తుంది. పొడవాటి పీచు పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. ఈత 30 నుంచి 32 రోజుల మధ్య వస్తుంది. పదహారు, పదిహేడో రోజున బొచ్చు పీక్కుంటే అది ఉత్తుత్తి చూడి, ఆ తల్లిని మళ్లీ దాటించాలి.

పిల్లలను తినడానికి దాహం, బెదురు, మాంసకృత్తుల లోటు ముఖ్య కారణాలు. ఈనే రాత్రి మూకుడులో నీళ్లు అయిపోతే ముప్పే. పాలిచ్చే తల్లి రోజుకు లీటరు దాకా తాగుతుంది, నాకితే నీళ్లొచ్చే నిపుల్ పైపు పెడితే నిశ్చింత. 16 నుంచి 18 శాతం మాంసకృత్తులున్న దాణా రోజుకు 200 గ్రాములకు తగ్గకుండా, దానితోపాటు దశరథ గడ్డి లేదా లూసర్న్ వంటి పచ్చిమేత ఇవ్వండి. ఈనే రోజుల్లో కుక్కలు, ఎలుకలు, చూడవచ్చేవాళ్లు షెడ్డు దరి చేరకూడదు. మీ రెండు తల్లులకూ ఇంకో అవకాశం ఇవ్వండి. ఇవన్నీ సరిచేశాక కూడా తింటే అప్పుడు తీసేయండి.

ఈనిన మూడో రోజున దాటించడం మానేయండి. ఆడది ఒప్పుకుంటుంది, నిజమే. కానీ కడుపులో పిల్లలకూ, పొదుగు కింద పిల్లలకూ ఒకే ఒంటి నుంచి పోషణ అందాలి. 30 నుంచి 35 రోజులకు పాలు మాన్పించి, తల్లి ఒళ్లు చూసి దాటిస్తే ఏడాదికి ఐదు ఈతలు వస్తాయి, అది చాలు. ఎప్పుడూ ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. తన బోనులోకి వచ్చిన మగదాన్ని అది కరుస్తుంది.

వేసవి తర్వాత చూడి నిలవకపోతే ముందు మగవాటిని అనుమానించండి. 30 డిగ్రీలు దాటిన వేడికి వీర్యం దెబ్బతిని, కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇప్పటి వైఫల్యం మే నెల ఎండల ఫలితమే కావచ్చు. వచ్చే వేసవికి షెడ్డు మీద తాటాకు కప్పి, తడి గోనెలు వేలాడదీసి, మగవాటిని అన్నిటికంటే చల్లని చోట ఉంచండి. రెండు మగవీ ఒకే తల్లి పిల్లలైతే ఒకదాన్ని బయటి నుంచి మార్చండి. కొడైకెనాల్ దగ్గర మన్నవనూర్‌లోని కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో కుందేళ్ల మీద పరిశోధన జరుగుతోంది, అక్కడ విచారించవచ్చు.

ఇంకొకటి. పిల్లలు నీరసించాయని మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ తెచ్చి తల్లికి తాగించకండి. కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలతో తల్లే పోతుంది. కుక్కల గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు విషమే.