సందేహాలు – సమాధానాలు: వీరభద్రరావు పేరులోని ‘సుత్తి’

సందేహం: మా కళాశాల సంచికకు హాస్యనటుడు సుత్తి వీరభద్రరావు గారి మీద వ్యాసం రాశాను. ‘సుత్తి’ ఆయన ఇంటిపేరు కాదు గనుక దానికి ఉద్ధరణ చిహ్నాలు పెట్టాలని మా మాస్టారు అన్నారు. విసుగు పుట్టించే మాట అన్న అర్థంలో ఈ పదం నాకు పాత నిఘంటువుల్లో కనిపించలేదు. గ్రంథరచనలో దీన్ని వాడవచ్చునా?

సమాధానం: ఆయన ఇంటిపేరు మామిడిపల్లి. ఆ మాటవరకు మీ మాస్టారు చెప్పింది నిజమే. కానీ ఉద్ధరణ చిహ్నాలు అనవసరం. షావుకారు జానకి, సాక్షి రంగారావు, శుభలేఖ సుధాకర్ అని రాసేటప్పుడు ఎవరూ ఆ చిహ్నాలు పెట్టడం లేదు కదా! పేరు తెచ్చిన చిత్రాన్ని ఇంటిపేరు స్థానంలో నిలపడం తెలుగు ప్రేక్షకుల అలవాటు. అయితే వీరభద్రరావు విషయంలో ఒక విశేషం ఉంది. ఆయనకు పేరు తెచ్చినది 1982లో జంధ్యాల దర్శకత్వంలో వచ్చిన ‘నాలుగు స్తంభాలాట’. జనం చిత్రం పేరును పక్కన పెట్టి, అందులో ఆయన పాత్రకు ఉన్న సుత్తి కొట్టే అలవాటును, అంటే ఎదుటివాణ్ణి మాటలతో విసిగించే అలవాటును, తీసి ఆయన పేరు ముందు ఉంచారు. చిత్రాల పేర్లు ఇంటిపేర్లైన నటులు చాలామంది ఉన్నారు గాని, ఒక పాత్ర మాట్లాడే తీరు నటుడికి ఇంటిపేరు కావడం అరుదు.

ఇక పదం సంగతి. సుత్తి, సుత్తె, సుత్తియ అన్నవి ఒకే మాటకు రూపాలు. కన్నడంలో సుత్తిగె, తమిళంలో చుత్తియల్ దీనికి తోబుట్టువులు. 1852 నాటి బ్రౌను నిఘంటువుకు తెలిసినది కమ్మరి చేతిలోని పనిముట్టు మాత్రమే. విసిగించే మాట అన్న అర్థం తర్వాత వచ్చినదే. అయితే తర్వాత వచ్చినంత మాత్రాన అది వేరు లేని మొక్క కాదని నా అభిప్రాయం. విసుగును దెబ్బగా భావించడం తెలుగువాడికి పాత అలవాటు. ఒకే కూర నాలుగు పూటలు తింటే మనకు ‘మొహం మొత్తుతుంది’. మొత్తడమంటే కొట్టడమే. సారం లేని ప్రసంగాన్ని ‘ఊకదంపుడు’ అంటాము. ధాన్యం దంచితే బియ్యం వస్తాయి, ఊక దంచితే రోకలిపోటు చప్పుడు తప్ప ఏమీ మిగలదు. అటు తర్వాత ఆంగ్లం నుంచి ‘బోరు’ వచ్చింది. తెలుగువాడు దాన్ని ఒంటరిగా ఉండనివ్వక ‘కొట్టు’ క్రియను జతచేసి ‘బోరు కొట్టడం’ అన్నాడు. గప్పాలు కొట్టడం, డబ్బా కొట్టడం, బాతాఖానీ కొట్టడం – మాట అతి అయిన ప్రతిచోటా ఈ ‘కొట్టు’ సిద్ధంగా ఉంటుంది. మొత్తడం, దంచడం, కొట్టడం అన్నీ ఉన్న భాషలో దెబ్బ వేసే సాధనం ఒక్కటే కొరవడింది. ‘సుత్తి’ ఆ చోటును భర్తీ చేసింది. జంధ్యాల ఈ ప్రయోగాన్ని ఇంటింటికీ చేర్చాడనడంలో సందేహం లేదు. కొత్తగా పుట్టించాడని మాత్రం నేను గట్టిగా అనను.

అదే క్రియకు మరో ముఖం ఉంది: ‘ఊఁ కొట్టడం’. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు లేకపోతే కథ సాగదు. వీరభద్రరావు, హాస్యనటుడు సుత్తి వేలు కలిసిన ‘సుత్తి జంట’ నిర్మాణమంతా ఈ రెండు కొట్టడాల మీదనే నిలిచింది. వీరభద్రరావు సుత్తి కొడతాడు, వేలు తప్పించుకోలేక ఊఁ కొడతాడు. కొట్టినవాడికీ దెబ్బ తిన్నవాడికీ జనం ఒకే ఇంటిపేరు ఇచ్చారు. వేలు అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. 1985లో ‘ప్రతిఘటన’లో మతి చలించిన కానిస్టేబులుగా ఆయన ప్రేక్షకులను నిశ్చేష్టులను చేసినప్పుడు కూడా ఆ పేరు ఆయనను వదలలేదు. 2012లో ఆయన కన్నుమూసేదాకా అదే పేరు నిలిచింది.

మీ వ్యాసంలో తప్పక ఉండవలసిన మాట మరొకటి ఉంది. వీరభద్రరావు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసి సినిమాలకు వచ్చిన మనిషి. రేడియో నాటకంలో ముఖం కనిపించదు, అభినయమంతా గొంతుదే. సుత్తి కొట్టే పాత్రకు ఆ శిక్షణ ఎందుకు అక్కరకు వచ్చిందో తెలియాలంటే తెలుగు వాక్యం నడక చూడాలి. మన క్త్వార్థకం, అంటే ‘లేచి, వెళ్ళి’ వంటి అసమాపక క్రియ, వాక్యాన్ని ముగియనివ్వదు. ‘పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, బజారుకు వెళ్ళి, వంకాయలు బేరమాడి, పుచ్చులు ఏరి పారేసి, సంచీ భుజాన వేసుకుని...’ అంటూ పోతే సమాపక క్రియ వచ్చేదాకా వినేవాడు లేచి వెళ్ళలేడు. చెప్పేవాడు ప్రతి ‘ఇ’కారం దగ్గర స్వరాన్ని దించకుండా నిలిపి ఉంచాలి, ఊపిరి తెగనివ్వకూడదు, ఒక్క అక్షరం నలగకూడదు. స్వరం ఎక్కడ దిగితే అక్కడ శ్రోతకు విడుదల. వీరభద్రరావు ఆ విడుదల ఇవ్వడు. విసిగించే మాటను విసుగు లేకుండా వినిపించడం సామాన్యమైన విద్య కాదు. ఆ విద్య ఆయనకు మైకు ముందు అబ్బిందని నేను నమ్ముతాను. అదే గొంతు 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో చండశాసనుడైన పరంధామయ్యకు గర్జన అయింది. అక్కడ వాక్యాలు పొట్టివి, తెగవేసినట్టుంటాయి. నవ్వు మాత్రం తగ్గలేదు. 1982 తర్వాత ఆయనకు దక్కినవి 6 ఏళ్ళే. 1988లో, నలభైల మొదట్లోనే వెళ్ళిపోయారు. తెలుగు ఉచ్చారణకు అది పెద్ద నష్టం. ఇవాళ మైకు ముందు కూర్చునే కొందరు యువ వ్యాఖ్యాతలు శకారాన్ని సకారం చేసి, ళకారాన్ని లకారం చేసి, వాక్యాన్ని నడిమధ్యన తుంచి ఊపిరి తీసుకుంటున్నారు. వారు ఆయన సంభాషణలు కళ్ళు మూసుకుని వినాలని నా కోరిక.

నేటి వాడుక మీద నాకు మరో ఫిర్యాదు ఉంది. రెండు నిమిషాలు దాటిన ప్రతి మాటనూ ‘సుత్తి’ అనడం ఇప్పుడు అలవాటైంది. అమ్మమ్మ చెప్పే వంశచరిత్ర సుత్తి, పురాణ ప్రవచనం సుత్తి, వివరంగా రాసిన వ్యాసం సుత్తి! నిడివికీ విసుగుకూ పొత్తు లేదు. సుత్తి అంటే వినేవాడి అక్కర పట్టని మాట. అది ఒక్క వాక్యంలోనూ ఉండవచ్చు. ‘సోది’ అన్నది ఎరుకలసాని చెప్పేది, ‘నస’ అన్నది పీడించి అడిగేది. ఈ తేడాలు చెరిపి మూడింటినీ కలగాపులగం చేయకండి.

ఇప్పుడు తీర్పు. ఇంటిపేరుగా ‘సుత్తి’ని చిహ్నాలు లేకుండానే రాయండి. కాకపోతే వ్యాసంలో మొదటిసారి పేరు వచ్చినచోట మామిడిపల్లి వీరభద్రరావు అని ఒక్కసారి చెప్పండి, అది ఆయనకు మన బాకీ. విసిగించే మాట అన్న అర్థంలో సంభాషణల్లో, హాస్యరచనలో, సినిమా వ్యాసంలో నిరభ్యంతరంగా వాడవచ్చు. శాస్త్రగ్రంథంలోనో న్యాయస్థానానికి ఇచ్చే అర్జీలోనో వాడమని మాత్రం చెప్పలేను. అక్కడ ‘ఊకదంపుడు’ చాలు.