ఒలింపస్ టీజీ-6 (నీళ్లలో వాడే కెమెరా): ఆపి పెట్టినా ఛార్జ్ దిగిపోతోందా?

బ్యాటరీ పోయిందేమో అని అడిగారు కదా, బహుశా కాదండీ, కెమెరా పైనున్న లాగ్ లివర్ (తిరిగిన దారిని జీపీఎస్‌తో నమోదు చేయించే మీట) ఆన్‌లో ఉండిపోయి ఉంటుంది. రాత్రి ఫుల్ ఛార్జ్ చేసి, ఆపి బ్యాగులో పెడితే పొద్దున బారువ బీచ్ చేరేసరికి సగమే మిగిలిందన్నారు కదా, అది దీని పనే.

ఒలింపస్ టీజీ-6లో ఆ లివర్ లాగ్ వైపు ఉంటే, పవర్ ఆపినా లోపల జీపీఎస్ నడుస్తూనే ఉంటుంది. అందరూ పవర్ బటన్ నొక్కి ఊరుకుంటారు, లివర్ చూడరు. కళింగపట్నంలో నాకూ ఇలాగే అయింది, నీళ్లలో దిగిన పది నిమిషాలకే ఛార్జ్ అయిపోతోందని ఎర్ర గుర్తు. నీటి అడుగున జీపీఎస్ సిగ్నల్ ఎలాగూ అందదు, కాబట్టి అక్కడ జీపీఎస్ ఆన్‌లో ఉంచినా లాభం లేదు.

1. లివర్‌ని ఆఫ్ వైపు జరపండి. బ్యాగులో పెట్టే ప్రతిసారీ గుర్తు ఎటుందో కళ్లతో చూడండి.

2. స్లీప్ టైమ్ (వాడకుండా ఉంచితే కెమెరా దానంతటదే నిద్రలోకి వెళ్లే సమయం) ఒక నిమిషానికి తగ్గించండి.

3. ఫోన్‌కి ఫొటోలు పంపడం, తీసినవి తిరగేసి చూడడం ఇంటికొచ్చాకే. ఫ్లాష్ అవసరమైతేనే.

ఫుల్ ఛార్జ్‌కి సుమారు 340 ఫొటోలని కంపెనీ లెక్క. వీడియో తీస్తే అంత రాదు, ఇంకో ఎల్ఐ-92బీ బ్యాటరీ దగ్గర ఉంచుకోండి. కానీ దాన్ని ఇసుకలో కూర్చుని మార్చొద్దు! మూత రబ్బరు మీద ఒక్క ఇసుక రేణువున్నా నీళ్లు లోపలికి పోతాయి. కెమెరా, చేతులు పొడిగా తుడుచుకుని, గాలి కొట్టని చోట మార్చండి.

లివర్ ఆఫ్‌లో ఉండి కూడా రాత్రికి రాత్రే దిగిపోతుంటే, అప్పుడు బ్యాటరీ మార్చి చూడండి.