పడిన గంటలోనే లేవండి

సహోదరా, ప్రతి ఆదివారం ఏడ్చి ఒప్పుకుంటున్నా, వారం తిరగకుండానే రాత్రిపూట ఫోనులో అవే అశ్లీల దృశ్యాలకు లొంగిపోతున్నానని రాశారు. నా మారుమనస్సు అబద్ధమా అని అడిగారు.

కన్నీళ్ళతో దాన్ని కొలవకండి. కొత్త నిబంధనలో మారుమనస్సుకు వాడిన గ్రీకు మాట 'మెటనోయా'. మనసు మారడం అని దాని అర్థం. యేసును డబ్బుకు అప్పగించిన యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, 30 వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు. కానీ ప్రభువు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. యేసు ఎవరో తెలియదని బొంకిన పేతురు వెక్కివెక్కి ఏడ్చి, తర్వాత ఆయన దగ్గరికే వచ్చాడు. పౌలు 2 కొరింథీయులు 7:10లో మారుమనస్సుకు నడిపే దుఃఖాన్ని, మరణానికి నడిపే దుఃఖాన్ని వేరు చేసింది ఇందుకే.

నన్ను కలవరపెట్టింది మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం: పడిపోయాక మూడు నాలుగు రోజులు సిగ్గుతో ప్రార్థన మానేస్తున్నారట. కాస్త శుభ్రపడ్డాక వెళ్దామనుకుంటున్నారు. వినయంలా కనిపించే ఈ ఆలస్యమే రెండోసారి పడటానికి దారి తీస్తోంది. పడిన గంటలోనే, ఆ మురికితోనే వెళ్ళండి. 1 యోహాను 1:9లో క్షమాపణకు గడువేమీ లేదు.

ఫోను రాత్రి పడకగది బయటే ఉండాలి. శరీరేచ్ఛలకు ఏర్పాట్లు చేయవద్దని రోమా 13:14 చెప్పేది అదే. ఇక యాకోబు 5:16 ప్రకారం ఒక్కరికైనా చెప్పుకోండి. నోరు జారే మనిషికి మాత్రం వద్దు, ఆ దెబ్బ నేను తిన్నాను. నిబ్బరంగా విని, మర్నాడు మళ్ళీ పలకరించే పెద్దవారు ఎవరైనా ఉంటే ఈ వారమే కలవండి.