సమాధానం: ప్యాకింగ్ మెషీన్ లెక్క, టాలీ స్టాకు కలవడం లేదు

గుంటూరు కారం మిల్లులో ప్యాకింగ్ మెషీన్ చూపే ప్యాకెట్లకీ, టాలీలో స్టాకుకీ రోజూ తేడా వస్తోంది, మెషీన్‌ని నడిపే కంట్రోలర్ అయిన పీఎల్‌సీని నేరుగా టాలీకి కలిపేయొచ్చా అని అడిగారు కదండీ. కలపొచ్చు గానీ, కలపకండి. మెషీన్‌ది సెకన్ల వ్యవహారం, టాలీకి కావలసింది షిఫ్టుకో ఎంట్రీ. ఐఎస్‌ఏ-95 అనే, ఫ్యాక్టరీ మెషీన్లనీ ఆఫీసు లెక్కల్నీ కలిపే ప్రమాణంలో మెషీన్లూ వాటి కంట్రోలూ 0 నుంచి 2 స్థాయిలు, వ్యాపార లెక్కలు 4. మధ్యలో ఉత్పత్తి నిర్వహణ 3. మీకు లేనిదల్లా ఆ మూడోదే. దానికి లక్షలు పోయక్కర్లేదు, ఓ మామూలు పీసీ, అందులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చాలు.

మోడ్‌బస్ టీసీపీ (మెషీన్లతో నెట్‌వర్కులో మాట్లాడే పద్ధతి) మీద నిమిషానికోసారి కౌంటర్ చదివి, టైముతో సహా రాసుకోండి. అసలు తిరకాసు ఇక్కడే ఉందని నా అనుమానం. 16 బిట్ల కౌంటరైతే 65,535 దాటగానే మళ్లీ సున్నాకొస్తుంది. కొన్నిట్లో కరెంటు పోయినా సున్నా అవుతుంది. అందుకని కౌంటర్ అంకెను కాకుండా, గత రీడింగుతో తేడాను కూడుకుంటూ పోండి. రీడింగు హఠాత్తుగా తగ్గిందా? పాతది 65 వేల దరిదాపుల్లో ఉంటే చుట్టు తిరిగినట్టు, 65,536 కలపాలి. లేదంటే రీసెట్ అయినట్టే.

చిరిగిన ప్యాకెట్లు మెషీన్ లెక్కలో ఉంటాయి, గోడౌన్‌లో ఉండవు. వాటినీ, కోల్డ్ స్టోరేజీ లాట్ నంబరునీ ఆపరేటర్ చేతే ఎంటర్ చేయించండి. తేజ, 334 రకాల మిర్చి ఒకే లాట్‌లో కలిసిపోతే విడదీయడం మీ తరం కాదు.

షిఫ్టయ్యాక మంచి ప్యాకెట్ల మొత్తాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా టాలీకి పంపండి. టాలీ డేటా అందుకునే పోర్టు మామూలుగా 9000. టాలీ తెరిచి, కంపెనీ లోడ్ అయి ఉండాలి. రాత్రి షిఫ్టు ఏ తేదీ కింద రాయాలో మాత్రం అకౌంటెంటు గారితో ముందే తేల్చుకోండి.