పెద్దమ్మ పెట్టెలో అయిదు కట్టలు

ప్రశ్న: మా పెద్దమ్మ చిత్తూరులో టీచరుగా పనిచేస్తూ 1970, 80 దశకాల్లో వారపత్రికలకు ప్రేమ నవలలు రాశారు. పద్నాలుగు అచ్చయ్యాయి. పెదనాయన ముందే పోయారు, వారికి పిల్లలు లేరు. 2022లో పోయేముందు పెద్దమ్మ ట్రంకుపెట్టె తాళం నా చేతిలో పెట్టి, "ఇందులోవన్నీ నీకే" అన్నారు. తెరిచి చూస్తే అచ్చుకాని నవలల కట్టలు అయిదు ఉన్నాయి. ఒక ప్రచురణకర్త అన్నిటినీ వేస్తామనీ, 17వ అధ్యాయం దగ్గర ఆగిపోయిన నవలను వేరొకరిచేత పూర్తి చేయించి పెద్దమ్మ పేరుతోనే తెస్తామనీ అంటున్నారు. ఇంగ్లీషు ప్రేమ నవలల రచయిత్రి బార్బరా కార్ట్‌లాండ్ పుస్తకాలు కూడా ఆమె పోయాకే వచ్చాయట. ఒప్పందం మీద నేను సంతకం చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: ఇప్పుడే చేయకండి. కాగితాలు వేరు, వాటిని అచ్చు వేసే హక్కు వేరు. పెట్టెను ఆమె బతికుండగానే మీకు అప్పగించారు కనుక కాగితాలు మీవేనని చెప్పుకోవచ్చు. కానీ 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు చేతులు మారాలంటే సంతకంతో కూడిన రాతపూర్వక పత్రం ఉండి తీరాలి. అచ్చుకాని రాతప్రతిని వీలునామాలో మీకు రాసి ఉంటే, వేరే ఉద్దేశం అందులో కనబడనంత వరకు, కాపీరైట్ కూడా దానితోపాటే మీకు వచ్చేది. అయితే వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, మీరు చెప్పిన నోటిమాట అందుకు చాలదు.

వీలునామా లేదనుకుంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, భర్తా పిల్లలూ లేని స్త్రీ స్వార్జితం ముందుగా భర్త వారసులకు చేరుతుంది. బడి నుంచి వచ్చి, వంట ముగించి, రాత్రిళ్ళు కూర్చుని మీ పెద్దమ్మ రాసుకున్న నవలల మీద హక్కు, వాటిని ఒక్క పేజీ అయినా చదివారో లేదో తెలియని ఆమె అత్తింటివారికి వెళ్తుందన్నమాట. నాకు ఏనాడూ మింగుడుపడని సెక్షన్ ఇది, కానీ చట్టం అలాగే ఉంది. కనుక ముందు పెదనాయన తరఫు వారసులెవరో తెలుసుకుని, వారిచేత మీ పేరిట హక్కుల బదిలీ పత్రం రాయించుకోండి. ఆ తర్వాత ప్రచురణకర్తతో కుదుర్చుకునే ఒప్పందంలో ఎన్నేళ్ళకు ఇస్తున్నారో స్పష్టంగా రాయించండి. రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగా లెక్కిస్తుంది. పెద్దమ్మ జీవించి ఉండగా వచ్చిన పద్నాలుగింటికీ 2082 చివరి వరకు కాపీరైట్ ఉంటుంది. మరణానంతరం తొలిసారి వెలువడేవాటికి మాత్రం ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు.

ఇక కార్ట్‌లాండ్ సంగతి. ఆమె 2000 మే నెలలో, 99వ ఏడు నిండకముందే పోయారు. సోఫాలో ఒరిగి ఆమె చెబుతూ ఉంటే కార్యదర్శి రాసుకునేవారు. అలా 700 పైచిలుకు పుస్తకాలు తెచ్చి కూడా, ప్రచురణకర్తల వేగం చాలనందువల్ల 160 నవలలు మిగిలిపోయాయి. కుమారుడు వాటిని ఆమెకు ఇష్టమైన గులాబీ రంగు పేరుతోనే, 'పింక్ కలెక్షన్' అనే వరుసగా తీసుకొచ్చారు. ఆ కథలు ముగించి పెట్టినవి, వంతు కోసం ఎదురుచూసినవి. మీ 17వ అధ్యాయానికి ఆ పోలిక కుదరదు.

మీ అయిదు కట్టల్లో ఏది పూర్తయిందో తేల్చడానికి ఒక గుర్తు చెబుతాను. ఆ రోజుల్లో దాదాపు ప్రతి పత్రికా 'కాగితానికి ఒకవైపే రాయాలి' అని నిబంధన పెట్టేది. అందువల్ల ఒకవైపే రాసి, మార్జిను వదిలి, పేజీ అంకెలు వేసిన అరఠావులు చాలావరకు శుద్ధప్రతులై ఉంటాయి. తిరుగుటపా కవరో, 'ఇది నా స్వంత రచన, దేనికీ అనువాదం కాదు' అన్న హామీపత్రమో వాటితో కనిపిస్తే సందేహమే అక్కరలేదు. రెండు వైపులా రాసి, వెనక పాల లెక్కలు కూడా వేసి ఉంటే అది చిత్తుప్రతి. పత్రికవారు తిప్పి పంపిన శుద్ధప్రతిని నిస్సంకోచంగా అచ్చుకు ఇవ్వండి. ఎన్నడూ పంపకుండా పెట్టెలోనే దాచుకున్న చిత్తు విషయంలో నేనైతే తొందరపడను. ఆమె దాన్ని చాలదనుకుని ఉండవచ్చు.

పరాయి చేత్తో ముగించి పెద్దమ్మ పేరు పెట్టడం మాత్రం పాఠకులను మోసగించడమే. తన పేరుతో తనది కానిదాన్ని కలిపి రచనను చెడగొట్టకుండా అడ్డుకునే హక్కు రచయితకు కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ఇచ్చింది, ఆ తర్వాత చట్టబద్ధ వారసులు కూడా దాన్ని వాడుకోవచ్చు. తిరుపతివారు కనుక మీకు తెలిసిన ఉదాహరణే చెబుతాను: 1922లో తిరుమల ఆలయపు అర నుంచి వెలుగు చూసిన రాగిరేకుల్లో అన్నమయ్య శృంగార సంకీర్తనలు ఆయన పేరుతోనూ, కొడుకు పెదతిరుమలయ్య పదాలు కొడుకు పేరుతోనూ విడివిడిగా ఉన్నాయి. ఆ నవల వేయాలనే ఉంటే 17వ అధ్యాయం కింద 'రచయిత్రి ఇంతవరకే రాశారు' అని వేయించండి.

అచ్చు మాట తేలేలోగా కట్టలకు గుచ్చిన గుండుసూదులు తీసేయండి. తుప్పు ఇప్పటికే అక్షరాల దాకా వచ్చి ఉంటుంది. ప్రతి పేజీనీ స్కాన్ చేయించండి, ప్లాస్టిక్ పూత మాత్రం వేయించకండి.