చియా పుడ్డింగ్‌లో పొరలు కలిసిపోతుంటే

పాలలో నానబెట్టిన చియా గింజల మీద పండ్ల గుజ్జు పొరలుగా వేస్తే, తెల్లారేసరికి మామిడి పొర పాలలోకి దిగిపోయింది, పైనాపిల్ పొర చేదెక్కింది అన్నారు కదండీ. రెండిటికీ కారణాలు వేరు. మామిడి పొర దిగిపోవడానికి కారణం పాలు ఎక్కువవడం: పావు కప్పు చియా గింజలకు కప్పు పాలు చాలు, మీరు పోసిన రెండు కప్పులు ఎక్కువ. కలిపిన పది నిమిషాలకు ఇంకోసారి తిప్పండి, లేకపోతే గింజలు అడుగున ఉండ కడతాయి. చెంచాతో తీస్తే జారనంత గట్టిపడ్డాకే గుజ్జు వేయాలి. గుజ్జులో నీళ్లొద్దు, మిక్సీ తిరగట్లేదని చాలామంది పోసేస్తారు. మన కొల్లాపూర్ బేనీషాన్ మామిడి దొరికితే చక్కెర జోలికే పోవద్దు.

ఇక చేదు సంగతి. ఉడకని పైనాపిల్‌లో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాల ప్రొటీన్‌ను విడగొడుతుంది, అందుకే చేదు. ముక్కల్ని ఐదు నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లారాక వేయండి. బొప్పాయితోనూ ఇదే తంటా, కాబట్టి తినే ముందు పైన వేసుకోండి.