మాండీ థర్స్‌డేలో ‘మాండీ’ అంటే ఏమిటి?

గుడ్ ఫ్రైడేకి ముందు రోజును మనం పవిత్ర గురువారం అంటాం. ఇంగ్లిష్‌లో దాన్ని మాండీ థర్స్‌డే అంటారు. ఈ ‘మాండీ’కి, సోమవారానికి ఏ సంబంధమూ లేదు. లాటిన్‌లో ‘మాందాతుం’ అంటే ఆజ్ఞ. ఆ మాటే పాత ఫ్రెంచ్‌లో ‘మాందే’గా మారి, అక్కణ్ణుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది.

ఏ ఆజ్ఞ అంటే, చివరి భోజనం రాత్రి యేసు శిష్యులకు ఇచ్చినది: ‘మీరు ఒకరినొకరు ప్రేమింపవలెనని మీకు క్రొత్త ఆజ్ఞ ఇచ్చుచున్నాను’ (యోహాను 13:34). అంతకు కాస్త ముందే ఆయన నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడు. అది ఆ రోజుల్లో దాసులు చేసే పని. అందుకే పేతురు ‘నా పాదాలు మీరు కడగడమా!’ అని అడ్డుపడ్డాడు. నా దృష్టిలో ఆ ఆజ్ఞకు అర్థం చెప్పేది ఈ ఘట్టమే. చర్చిల్లో పాదాలు కడిగే ఆచారం దీన్నుంచే వచ్చింది. ఆ సమయంలో పాడే లాటిన్ కీర్తన మొదలయ్యేది కూడా ‘మాందాతుం నోవుం’ అనే.

‘మాండ్’ అంటే బుట్ట కాబట్టి, దానాలు పంచే బుట్టల వల్ల ఈ పేరు వచ్చిందని కొందరంటారు. పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకునేది మాత్రం ఆజ్ఞ అనే అర్థాన్నే. దానం సంగతి అబద్ధమేమీ కాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు రాజులు ఈ రోజున పేదల పాదాలు కడిగేవారు. ఇప్పుడు రాజు వయసు ఎంతైతే అంతమంది పురుషులకు, అంతమంది స్త్రీలకు ప్రత్యేక వెండి నాణేలు ఇస్తారు.